ఒంటికి పడనిది ఏమిటో చెప్పేదెవరు?

ఒక శుక్రవారం రాత్రి పదకొండు గంటల వేళ మా ఆసుపత్రి క్యాజువాలిటీకి ఒక యువకుణ్ణి ఇద్దరు స్నేహితులు చెరొక చెయ్యి పట్టుకుని తీసుకువచ్చారు. మాదాపూర్ లో కంప్యూటరు ఉద్యోగం. తలపెట్టిన పని ఏదో పూర్తయిందని అందరూ కలిసి హోటలు భోజనానికి వెళ్ళారట. రొయ్యల వేపుడు తిన్న పది నిమిషాలకు పెదవులు వాచాయి. ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. గొంతు బొంగురుపోయింది, కళ్ళు తిరిగాయి. మా దగ్గరకు వచ్చేసరికి నాడి సన్నగా వుంది, బి.పి. పడిపోయింది. వెంటనే తొడకు అడ్రినలిన్ ఇంజెక్షను ఇచ్చి, పడుకోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, సెలైన్ ఎక్కించాము. పావుగంటలో మనిషి తేరుకున్నాడు.

తెల్లవారి నేను వార్డుకు వెళ్ళినప్పుడు అతడు తన సెల్ ఫోను నా చేతికిచ్చాడు. నాలుగు నెలల క్రితం ఆఫీసులో జరిగిన ఆరోగ్య శిబిరంలో కొద్దిగా రక్తం తీసుకుని ఇచ్చిన ‘ఫుడ్ సెన్సిటివిటీ’ రిపోర్టు అందులో వుంది. రెండు వందలకు పైగా పదార్థాల పేర్లు, వాటి పక్కన రంగు చుక్కలు. పాలు, గోధుమ, వంకాయ, కందిపప్పు పక్కన ఎర్ర చుక్క. రొయ్యల పక్కన పచ్చ చుక్క.

“రొయ్యలు తింటే నోరు దురద పెడుతుందని కాలేజీ రోజుల నుంచి మానేశాను సార్. ఈ పచ్చ చుక్క చూశాక ధైర్యం వచ్చింది” అన్నాడు.

పాఠకులు ఈ మాటను జాగ్రత్తగా గమనించాలి. అతడి నోరు ఎన్నో ఏళ్ళ క్రితమే నిజం చెప్పింది. వేలు పోసి కొన్న కాగితం దాన్ని కాదన్నది. అతడు కాగితాన్ని నమ్మాడు.

1998 లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి నాకు ఉద్యోగం కొత్త. అప్పుడు హైటెక్ సిటీ చుట్టూ బండరాళ్ళే ఎక్కువ. ఇప్పుడు రాయదుర్గం దాకా మెట్రో రైలు వచ్చింది, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అన్నీ కలిసిపోయాయి. దానితోపాటే రాత్రి డ్యూటీలు, వేళ తప్పిన బిర్యానీలు, నిద్ర చాలని కళ్ళు, ఉబ్బిన పొట్టలు కూడా వచ్చాయి. ఉబ్బిన పొట్టకు కారణం కనిపెడతామంటూ రకరకాల పరీక్షలు కూడా బయలుదేరాయి. వాటిలో ఏది నమ్మదగినది, ఏది కాదు అన్నది ఈ వారం చెప్పుకుందాం.

‘పడదు’ అంటే ఏమిటి?

మన తెలుగులో ‘పడదు’ అన్న మాట చాలా విశాలమైనది. పాలు పడవంటాం, వంకాయ పడదంటాం, ఊరు మారితే నీళ్ళు పడలేదంటాం, అత్తాకోడళ్ళకు పడదని కూడా అంటాం. వైద్యుడు మాత్రం ఈ ఒక్క మాటను మూడుగా విడదీసి చూడాలి.

మొదటిది ఎలర్జీ. ఈ పేరు 1906 లో ఆస్ట్రియా వైద్యుడు పిర్కే పెట్టాడు. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ ఏ హానీ చెయ్యని రొయ్యనో, వేరుశనగ పప్పునో శత్రువుగా పొరబడుతుంది. దానికి ఎదురుగా ఐ.జి.ఇ. అనే ప్రతిరక్షకాన్ని తయారుచేస్తుంది. ఈ ఐ.జి.ఇ. ని 1960 ల మధ్యలో అమెరికాలో పనిచేస్తున్న జపాను దంపతులు ఇషిజాకాలు, స్వీడన్ లో యోహాన్సన్, బెన్నిచ్ వేరువేరుగా కనుగొన్నారు. ఇది వున్నవారు ఆ పదార్థం తింటే సాధారణంగా కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపల దద్దుర్లు, వాపు, వాంతి, ఆయాసం వస్తాయి. కొంచెం తిన్నా వస్తాయి. ప్రాణం మీదికి తెచ్చేది ఇదే.

రెండవది అరగకపోవటం. దీనికి రక్షణ వ్యవస్థతో సంబంధం లేదు. పాలలోని లాక్టోజు చక్కెరను అరిగించే జీర్ణరసం పెద్దయ్యాక మనలో చాలామందికి తగ్గిపోతుంది. ఆరోగ్యవంతులను పరీక్షించి 1981 లో ప్రచురించిన పరిశోధనలో ఢిల్లీలో నూటికి 27 మందికి, దక్షిణాదిన రెండు కేంద్రాల్లో నూటికి 66 మందికి ఈ లోపం కనిపించింది. అయితే ఆ పరీక్షలో ఒక్కసారిగా 50 గ్రాముల లాక్టోజు తాగించారు. అది సుమారు లీటరు పాలలో వుండేంత. కాబట్టి ఈ లోపం వున్నా కప్పు టీ, గిన్నెడు పెరుగు చాలామందికి ఏమీ చెయ్యవు. మోతాదు మించితే గాలి, నీళ్ళ విరేచనం. బాధే గాని ప్రమాదం కాదు.

మూడవది అనుమానం. జ్వరం వచ్చిన రోజు గుడ్డు తిని వాంతి చేసుకుంటే జన్మంతా గుడ్డు పడదని నమ్మేవారు వున్నారు. ఇది తిడితే పోయేది కాదు, అడిగి తెలుసుకుంటే పోతుంది.

ఈ మూడింటికీ వైద్యం వేరు. మూడింటినీ ఒకే రంగు చుక్కతో చెప్పే పరీక్ష ఏదీ లేదు.

అమ్ముడుపోతున్న పరీక్షలు

అన్నిటికన్నా ఎక్కువగా కనబడేది ఐ.జి.జి. పరీక్ష. ఐ.జి.ఇ., ఐ.జి.జి. — చివర ఒక్క అక్షరమే తేడా, కాని అర్థంలో ఎంతో దూరం. ఐ.జి.జి. అన్నది మనం తిన్న ఆహారాన్ని ఒళ్ళు ఎరుగుదునని చెప్పే గుర్తు. రోజూ కందిపప్పు తినేవాడికి కందిపప్పుకు ఐ.జి.జి. కనబడటం సహజం. అందులో నాలుగవ రకం, చిన్నప్పటి పాల ఎలర్జీ తగ్గి పాలు సరిపడుతున్న పిల్లల్లో పెరగటం కూడా చూశారు. అంటే ఒప్పుకున్న దానిని ఒప్పుకోలేదని చదువుతున్నారన్నమాట! 2008 లో ఐరోపా ఎలర్జీ వైద్యుల సంఘం, 2012 లో కెనడా సంఘం దీన్ని రోగ నిర్ధారణకు వాడవద్దని స్పష్టంగా చెప్పాయి. పరీక్ష చేసే యంత్రం మంచిదే కావచ్చు, కొలత సరిగానే వుండవచ్చు. కొలిచింది మాత్రం మీ జబ్బును కాదు.

రెండవది వెంట్రుకల పరీక్ష. వెంట్రుక జీవం లేని పదార్థం. ఎలర్జీ జాడ అందులో దొరకదు. 1987 లో బ్రిటనులో కొందరు డాక్టర్లు చేపల ఎలర్జీ ఖాయంగా వున్న తొమ్మిదిమంది, లేని తొమ్మిదిమంది రక్తం, వెంట్రుకలు సేకరించి అయిదు వ్యాపార ప్రయోగశాలలకు పంపారు. ఒకే మనిషి నమూనాలను రెండేసి పేర్లతో పంపారు. చేపల ఎలర్జీని అయిదింటిలో ఒక్కటీ పట్టుకోలేదు. పైగా లేని ఎలర్జీలు ఎన్నో చెప్పాయి, ఒకే మనిషికి రెండు రకాల జవాబులు వచ్చాయి.

మూడవది వేలికి, అరచేతికి లోహపు కడ్డీ ఆనించి చర్మంలో విద్యుత్తును కొలిచే యంత్రం. 2001 లో ఇంగ్లండులో ముప్పయిమంది మీద పదిహేను వందలకు పైగా సార్లు దీన్ని ప్రయోగించారు. వారిలో సగం మందికి పిల్లి నూగుకో, ఇంటి దుమ్ములోని పురుగుకో ఎలర్జీ వున్నదని ముందే తెలుసు. ఆ సగమెవరో, లేని సగమెవరో యంత్రం చెప్పలేకపోయింది.

నాలుగవది చేతిలో సీసా పెట్టి, రెండవ చెయ్యి చాపమని, దాన్ని కిందికి నొక్కి చూడటం. చెయ్యి బలహీనపడితే ఆ సీసాలోని పదార్థం పడదని లెక్క. సీసాలో ఏమున్నదో ఇద్దరికీ తెలియకుండా చేసినప్పుడు బొమ్మా బొరుసూ వేసినట్టే వచ్చింది.

అయిదవది అనుమానించిన పదార్థాన్ని కొద్దిగా సూదితో చర్మంలోకి ఎక్కించి ఏమనిపిస్తున్నదో అడగటం. 1990 లో అమెరికాలో పద్దెనిమిదిమందికి ఏ సూదిలో ఏముందో చెప్పకుండా చేశారు. ఆహారపు సూదికి నూటికి 27 సార్లు బాధ కలిగిందన్నారు. వట్టి ఉప్పునీటి సూదికి నూటికి 24 సార్లు కలిగిందన్నారు. వారు అబద్ధం చెప్పలేదు. ఎదురుచూసిన బాధ నిజంగానే వస్తుంది. మనసు, ఒళ్ళు వేరు కావు.

“మరి నాకు తగ్గిందే!” అంటారు

నిజమే, కొందరికి తగ్గుతుంది. జాబితా చేతికి రాగానే వాళ్ళు ఏం చేస్తారు? బయటి తిండి మానేస్తారు. అర్ధరాత్రి పిజ్జా, బేకరీ సరుకులు, రోజుకు ఏడెనిమిది టీలు మానేస్తారు. వేళకు ఇంట్లో వండుకుని తింటారు. పొట్ట తేలికపడక ఏమవుతుంది? ఆ కీర్తి మాత్రం రిపోర్టుకు దక్కుతుంది. ఇక దద్దుర్ల సంగతి. ఆరు వారాలకు మించి వచ్చిపోతూ వుండే దద్దుర్లకు పెద్దవారిలో ఆహారం కారణం కావటం అరుదు. చాలామందిలో అవి కొంతకాలానికి వాటంతట అవే తగ్గుతాయి. ఆ సమయంలో ఏది మానేస్తే అదే దోషి అనిపిస్తుంది.

నష్టం ఎవరికి?

గచ్చిబౌలి నుంచి ఒక నాయనమ్మ మనుమణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. కోడలు కూడా వెంట వుంది. పిల్లవాడికి నాలుగేళ్ళు. తరచు కడుపునొప్పి అంటే ఇలాంటి రిపోర్టే తీయించారు. పాలు, పెరుగు, గుడ్డు, గోధుమ, కందిపప్పు, వేరుశనగ — అన్నీ ఆరు నెలల నుంచి బందు. “డాక్టరు గారూ, పప్పన్నం వద్దు, పెరుగన్నం వద్దు అంటే ఈ పసివాడికి ఏం పెట్టమంటారు?” అని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తల్లి తల వంచుకుంది. ఆ తల్లి తప్పేమీ లేదు, బిడ్డ బాగుండాలనే చేసింది.

తూచి చూస్తే, ఆరు నెలల్లో పెరగవలసిన బరువు పెరగకపోగా కిలోకు పైగా తగ్గాడు. కనురెప్ప లోపల పాలిపోయి వుంది. పొట్ట తడిమితే ఎడమ పక్క గట్టిపడిన మలం చేతికి తగిలింది. వాడి జబ్బు మలబద్ధకం. బడిలో మరుగుదొడ్డికి వెళ్ళటానికి జంకి బిగబట్టుకుంటున్నాడు, నీళ్ళు తాగటం లేదు. ఈ సంగతి తెలుసుకోవటానికి పది నిమిషాల ప్రశ్నలు చాలాయి.

పిల్లల విషయంలో ఇంకొక ప్రమాదం వుంది. గజ్జి వంటి ఎగ్జిమా వున్న పిల్లలు అప్పటివరకు హాయిగా తింటున్న పాలో గుడ్డో నెలల తరబడి మానేసి మళ్ళీ మొదలుపెడితే, ఒక్కొక్కసారి తీవ్రమైన ఎలర్జీ కొత్తగా రావచ్చు. అందుచేత పిల్లలకు ఏ ముఖ్యాహారమూ డాక్టరును అడగకుండా మాన్పించకండి. మాన్పించి వుంటే తిరిగి మొదలుపెట్టే ముందు కూడా అడగండి.

సరైన దారి ఏది?

మొదటి పరీక్ష మాట్లాడటమే. ఏం తిన్నారు, ఎంత తిన్నారు, ఎంతసేపటికి ఏం జరిగింది, ప్రతిసారీ జరిగిందా? రెండు వారాలు ఒక నోటు పుస్తకంలో ఎడమ పేజీలో తిండి, కుడి పేజీలో బాధ, వేళతో సహా రాయండి. నిద్ర ఎన్ని గంటలో కూడా రాయండి. సగం మర్మం అందులోనే బయటపడుతుంది.

తిన్న కొద్దిసేపటికే దద్దుర్లు, వాపు, ఆయాసం వచ్చినవారికి చర్మం మీద చుక్క వేసి సూదిమొనతో గీరి చూసే ప్రిక్ టెస్టు, లేదా రక్తంలో ఐ.జి.ఇ. పరీక్ష చేయిస్తాం. ప్రిక్ టెస్టు పదిహేను, ఇరవై నిమిషాల్లో తేలుతుంది. సిట్రిజిన్ వంటి మాత్రలు కొద్దిరోజుల ముందే ఆపాలి. అయితే ఇవి కూడా ఒంటరిగా తీర్పు చెప్పలేవు. కర్ణాటకలో పెద్దవారిని పరీక్షించి 2016 లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి 26 మందికి ఏదో ఒక ఆహారానికి ఐ.జి.ఇ. కనిపించింది. తిన్నప్పుడు బాధ కూడా కలిగి, ఎలర్జీ అనదగినవారు మాత్రం నూటికి ఒకరికి కొంచెం ఎక్కువ. మంచి పరీక్షయినా అడగవలసినదే అడగాలి. రెండు వందల పదార్థాలకు ఒకేసారి వల వేస్తే చిక్కేవి ఎక్కువ భాగం అబద్ధపు చేపలే.

సందేహం మిగిలితే ఆసుపత్రిలో, మందులు సిద్ధంగా పెట్టుకుని, ఆ పదార్థాన్ని కొంచెం కొంచెంగా తినిపించి చూస్తారు. అన్నిటిలోకి నమ్మకమైన పరీక్ష ఇదే. ఇంట్లో ఎన్నడూ చెయ్యకూడనిది కూడా ఇదే.

పొట్ట ఉబ్బరం, గాలి మాత్రమే వున్నవారు ఒక్క పదార్థాన్ని రెండు మూడు వారాలు మాని, తిరిగి మొదలుపెట్టి చూడవచ్చు. పాల మీద అనుమానమైతే ఒక ఉపాయం. రాగి జావలో కొన్నిరోజులు మామూలు పాలు, కొన్నిరోజులు లాక్టోజు తీసిన పాలు ఇంట్లో మరొకరు కలిపి ఇవ్వాలి. ఏ రోజు ఏదో వారే రహస్యంగా రాసి వుంచాలి. మీ బాధలు మీరు రాయండి. చివర రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. పెద్ద పెద్ద పరిశోధనల్లో వాడే పద్ధతి ఇదే, ఖర్చు లేదు. దద్దుర్లు, ఆయాసం వచ్చేవారు మాత్రం ఈ ప్రయోగం చెయ్యరాదు.

గోధుమ సంగతి. గోధుమ వల్ల పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు నిజంగా వుంది. 2016 లో వచ్చిన సర్వేలో ఉత్తరాదిన సుమారు నూటికి ఒకరికి, దక్షిణాదిన సుమారు పదివేలకు ఒకరికి కనిపించింది. దానికి సరైన రక్త పరీక్ష వుంది. కాని గోధుమ తింటూ వుండగానే చేయించాలి. ముందే మానేస్తే పరీక్ష తప్పుతుంది.

రసాయనాలు పడకపోతే

“ఆఫీసులో అడుగుపెడితే తల దిమ్ము, ఇంటికొస్తే బాగుంటుంది. ఏ రసాయనమో పడటం లేదేమో?” అని అడిగేవారున్నారు. ముందు సులువైన కారణాలు చూడండి: గాలి మారని గది, కొత్త రంగుల వాసన, ఘాటైన సెంటు, రెప్ప వాల్చకుండా చూసే తెర. ఉబ్బసం వున్నవారు పీక్ ఫ్లో మీటరు అనే చిన్న గొట్టంలో ఊది, పనిరోజుల్లో, సెలవుల్లో అంకెలు రాసుకుంటే ఆఫీసుకు సంబంధమున్నదో లేదో తేలుతుంది. అన్ని రసాయనాలూ పడవనుకునేవారిని గదిలో కూర్చోబెట్టి తెలియకుండా గాలిలో కలిపి చూస్తే, చాలామంది మంచి గాలికీ దానికీ తేడా కనిపెట్టలేకపోయారు. వారి బాధ నటన కాదు. కారణం వేరే చోట వెతకాలి, అంతే.

చర్మానికి పడని రసాయనాలు మాత్రం రోజూ చూస్తాం. నుదుటి బొట్టుబిళ్ళ జిగురు వల్ల దురద, తెల్లమచ్చ. తలకు వేసే నల్లరంగు వల్ల చెవుల దగ్గర నీటి పొక్కులు. గిల్టు నగల్లోని నికెల్ వల్ల మెడ మీద ఒరుపు. వీటికి వీపు మీద పట్టీలు అంటించి రెండు రోజుల తర్వాత తీసి, ఆ తర్వాత మరొకసారి కూడా చూసే ప్యాచ్ టెస్టు వుంది. చర్మవ్యాధుల డాక్టరు చేస్తారు. 1895 నుంచీ వున్న పరీక్ష ఇది. రక్తం, వెంట్రుకలు అక్కరలేదు.

డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు

ఒకటి: నా బాధ ఏమిటో వినకుండానే పరీక్ష చేస్తారా? రెండు: పడని వాటి జాబితాతోపాటు వాటికి బదులు పొడులు, మాత్రలు కూడా మీరే అమ్ముతారా? మూడు: అదే రక్తాన్ని వేరే పేరుతో మళ్ళీ ఇస్తే అదే జవాబు వస్తుందా? మొదటి రెండింటికి అవునని, మూడవదానికి తెల్లమొహం వేస్తే, ఆ డబ్బుతో కూరగాయలు కొనుక్కోండి.

ఒక్క హెచ్చరిక. తిన్న తర్వాత గొంతు బిగుసుకున్నా, ఆయాసం వచ్చినా, కళ్ళు తిరిగినా, దద్దుర్లతోపాటు ఆగని వాంతులైనా సిట్రిజిన్ వేసుకుని ఎదురుచూడకండి. 108 కు ఫోను చెయ్యండి. రోగిని నడిపించకండి. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా పెట్టండి, ఆయాసపడుతుంటే కూర్చోబెట్టండి. అప్పుడు కావలసిన మందు అడ్రినలిన్. తగ్గాక కూడా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే వుండాలి, తిరగబెట్టవచ్చు.

ఆ యువకుడికి తర్వాత ప్రిక్ టెస్టులో రొయ్యకు పెద్ద దద్దురు లేచింది. ఇప్పుడు అతడి పర్సులో ‘రొయ్యలు, పీతలు పడవు’ అని రాసిన చీటీ వుంటుంది. పాలు, వంకాయ, కందిపప్పు నిక్షేపంగా తింటున్నాడు. గచ్చిబౌలి పిల్లవాడు ఎగ్జిమా గాని, ఎలర్జీ గాని ఎన్నడూ లేనివాడు. అందుచేత మా ఓ.పి. గదిలోనే నాయనమ్మ తెచ్చిన డబ్బా విప్పించాను. అందులో పెరుగన్నం. నాలుగు ముద్దలు తిని, అయిదవది తనే కలుపుకున్నాడు.

ఈ విషయమై నాకు ఉత్తరం రాసే పాఠకులు దయచేసి రంగు చుక్కల రిపోర్టు పంపవద్దు. రెండు వారాల నోటు పుస్తకం పేజీలు పంపండి. జవాబు చెప్పటానికి నాకు కావలసినవి అవే.